అనపకాయలొచ్చినాయంటే చలికాలం వచ్చినట్టే

మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి లిఫ్ట్ ఎక్కితే లోపలంతా అనపకాయల వాసన. అనపకాయలంటే సొరకాయలు కాదు, చిక్కుడు జాతి కాయలు, లోపలి గింజ వండుకునేది. ఎవరో అప్పుడే సంచి మోసుకుని పైకి పోయినట్టున్నారు, మనిషి లేరు గానీ వాసన మాత్రం అట్లే నిలబడుంది. పచ్చి వాసన, కొంచెం జిడ్డుజిడ్డుగా ఉండేది, చేతికంటుకుంటే సబ్బుకి కూడా తొందరగా పోదు, ఈ బెంగళూర్లో దాన్ని సొగడు అంటారు. ఇంట్లోకి పోయి చెప్పులు విప్పుతానే అమ్మకి చెప్పినా. "అట్లయితే మంచు బాగా పడతా ఉందిలే" అనింది, అంతే, ఇంకేం అడగలేదు. మంచు పడితేనే ఆ వాసన కాయకి పడుతుందని మా అమ్మ లెక్క. అన్నం తింటున్నంతసేపూ నాకు ఒకదాని వెనక ఒకటి పాతవన్నీ గుర్తొస్తానే ఉన్నాయి, అందుకే రాస్తున్నా.

మేము పెరిగింది బెంగళూరు త్యాగరాజనగర్‌లో, ఒక వఠారంలో. ఒకే గేటు, లోపల వరసగా ఇండ్లు, మధ్యలో కొళాయి. నాయనకి ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. అవ్వావాళ్ళది కోలారు జిల్లా శ్రీనివాసపురం పక్కన పల్లె, ఆ పక్కంతా ఇండ్లలో తెలుగే, బళ్ళో కన్నడ. మా ఇంట్లో నెలలు కూరగాయల్ని బట్టే నడిచేవి. "చిన్నాయన పెండ్లి ఎప్పుడైంది" అని అడిగితే అమ్మ "సీతాఫలాలు అయిపోయి ఉసిరికాయలు వస్తా ఉన్నాయి అప్పుడు" అనేది. ఇప్పటికీ అట్లే చెప్తుంది.

---

అనపకాయలు డిసెంబర్లో మొదలయ్యి సంక్రాంతి దాటినాక కొన్నాళ్ళుండి పోయేవి. అంతే. మిగతా ఏడాదంతా ఎండు అనపగింజలే. ఎందుకట్లా అని తాతని అడిగితే "పొద్దు తగ్గాల పాపా, పొద్దు తగ్గితేనే అది పూస్తాది" అన్నాడు. చిన్నప్పుడు అర్థం కాలేదు గానీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పాత నాటు రకాలు పగటి పొద్దు చిన్నదయితే తప్ప పూతకి రావు, నువ్వు ఎంత ముందు విత్తినా సరే చెట్టు ఆకు వేసుకుంటా తీగ సాగుతా ఉంటుంది గానీ పువ్వు చూపించదు.

మావాళ్ళు అనప విడిగా వేసేవాళ్ళు కాదు. వానలు పడినాక రాగులు విత్తేటప్పుడే కొన్ని రాగి సాళ్ళకొక అనప సాలు వేసుకుంటా పోయేవాళ్ళు, అక్కడక్కడా ఆముదాలు, జొన్న కూడా. రాగులు కోసేసినాక చేలో అనప ఒక్కటే మిగిలేది. అప్పటికి వానలు ఉండవు, భూమిలో మిగిలిన తడి, రాత్రిపూట పడే మంచు, వాటితోనే కాసేది. నీళ్ళు కట్టింది లేదు, మందు కొట్టింది లేదు. తెల్లారి చేలోకి పోతే మోకాళ్ళ దాకా పావడా తడిసిపోయేది, ఆ తడిలోనే కాయలు కోసేవాళ్ళు, ఎండెక్కితే వాసన తగ్గుతుందని అవ్వ తొందర పెట్టేది. కోసిన కాయ గోనె సంచిలో వేసి మొదటి బస్సు పైన పెట్టి పంపిస్తే మధ్యాహ్నానికి మా వఠారంలో ఉండేది.

సంచి దిగిందంటే వఠారం మొత్తానికి తెలిసిపోయేది, చెప్పే పనిలేదు కదా వాసనే చెప్పేస్తుంది. సాయంత్రం దీపాలు పెట్టినాక ఆడవాళ్ళంతా అరుగు మీద చేరేవాళ్ళు, పక్కింటి కన్నడం వాళ్ళ అజ్జి, చివరింట్లో ఉండే తమిళం వాళ్ళ మామి, ఎవరి బేసిన్ వాళ్ళది. కాయ ఒలిచేటప్పుడు టక్కుమని ఒక చిన్న చప్పుడు వస్తుంది, అంతమంది ఒలుస్తా ఉంటే మాటల మధ్యలో ఆ టక్కు టక్కు ఆగకుండా వినిపించేది. నాయన నైట్ షిఫ్టుకి పోయేముందు రేడియో పెట్టుకుని మాతోపాటే కూర్చుని ఒలిచేవాడు. లేత గింజలు ఒక పక్క, ముదురువి ఒక పక్క, పురుగు ఉన్న కాయ ఇంకో పక్క. పురుగు ఉంటే ఎవరూ అసహ్యపడేవాళ్ళు కాదు, పురుగు లేని అనపకాయ ఎక్కడుంది. తొక్కలన్నీ వీధిలో వేస్తే ఆవులొచ్చి తినిపోయేవి, ఆ నెలంతా మా వీధి మొత్తం తొక్కలే.

ముదురు గింజలు రాత్రి నీళ్ళల్లో నానేసి పొద్దున పితికేది. బొటనవేలు చూపుడువేలు మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు ఎగిరి గిన్నెలో పడాల. పిల్లలు పితికితే గోడకి తగిలేది. ఒక గిన్నె పప్పు రావాలంటే ఎంతసేపు పడుతుందో చేసినవాళ్ళకే తెలుసు, వేళ్ళ చివర్లు ముడతలు పడిపోయి ఒక రంగు పట్టేవి, బళ్ళో పెన్సిల్ పట్టుకుంటే ఆ వాసన. మా క్లాసులో సగం మంది చేతులు అట్లే ఉండేవి ఆ రోజుల్లో.

పితికిపప్పు కూర అమ్మ చేస్తే కొబ్బరి, ధనియాలు, గసగసాలు, చెక్క లవంగం నూరి వేసి కొంచెం పల్చగా చేసేది, రాగిసంగటిలోకి. అజ్జి వాళ్ళింట్లో అదే పప్పు ఉప్మాలో వేసేవాళ్ళు, బియ్యప్పిండి రొట్టెలో కలిపేవాళ్ళు. ఆ నెల రోజులూ ఎవరింట్లో ఏ వంటయినా అందులో అనపగింజ ఉండాల్సిందే, ఎవరూ విసుగు అనేవాళ్ళు కాదు, ఇంకొన్నాళ్ళుంటే పోతాయి కదా అని అందరికీ తెలుసు.

---

మా వీధికి కూరగాయలు తెచ్చే ఆమెని మేమంతా సొప్పమ్మ అనేవాళ్ళం, కన్నడంలో సొప్పు అంటే ఆకుకూర, అసలు పేరు ఏంటో మాకెవరికీ తెలీదు. హొసకోటె పక్కన ఊరు, తెలుగు మాట్లాడేది. చీకటి ఉండంగానే సిటీ మార్కెట్‌లో దిగి బుట్ట నింపుకుని నడిచి వచ్చేది. "సొప్పో... దంటు, మెంతె, సబ్బసిగే సొప్పో" అని ఒక రాగం, ఆఖర్లో కొంచెం పైకి లేచేది. వీధి ఆ చివర ఉన్నప్పుడే అమ్మ చేతులు తుడుచుకుంటా బయటికి వచ్చేది, ఎందుకంటే బుట్ట దించడానికి ఇంకో మనిషి కావాల. దించినాక కాఫీ. కాఫీ తాగినాక బేరం.

ఆమె దగ్గర నచ్చింది ఏంటంటే వద్దు అని చెప్పేది. అమ్మకానికి వచ్చిన మనిషి, బుట్టలో ఉన్న సరుకుని వద్దనేది. "ముల్లంగి వద్దు పాపా, బెండు పట్టేసింది, ఇంక ఈ ఏడికి చాలు." "పచ్చి బటానీ ఇది ఆఖరు, రేపట్నుంచి తేను, తోలు గట్టిపడింది." ఎండాకాలంలో కాలిఫ్లవర్ అడిగితే "ఇప్పుడేం కాలిఫ్లవరమ్మా, మునక్కాయలు చూడు ఎట్లుండాయో" అని మునక్కాయల కట్ట చేతిలో పెట్టేది. వానాకాలంలో ఆకుకూర తెచ్చేది గానీ "బాగా కడుగు, మట్టి చిమ్మి ఉంటాది" అని ప్రతిసారీ చెప్పేది. బీరకాయ, పొట్లకాయ, కాకరకాయ ఎప్పుడు బాగుంటాయో, గుమ్మడికాయ ఎన్నాళ్ళు అటకమీద పెట్టొచ్చో, చిక్కుడు ఏ నెలలో కొనాలో అమ్మ ఆమె దగ్గరే నేర్చుకుంది. పల్లెలో పుట్టిన అమ్మకి చేను సంగతి తెలుసు, కానీ ఊర్లో బుట్టలోకి ఏది ఎప్పుడు వస్తుందో వేరే లెక్క, ఒక్క వానకి మారిపోతుంది అది.

ఒక ఏడు రావడం మానేసింది. మోకాళ్ళ నొప్పులని ఊర్లోనే ఉండిపోయిందని తర్వాత ఎవరో చెప్పినారు. ఆమె కొడుకు కొన్నాళ్ళు తోపుడు బండి తెచ్చినాడు, మంచోడే, కానీ అడిగింది అడిగినట్టు ఇచ్చేవాడు, వద్దు అనేవాడు కాదు.

---

కార్తీక మాసం ఆఖరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే శెనక్కాయల జాతర. మా ఇంటినుంచి నడిచిపోయేంత దూరం. దొడ్డ బసవన్న గుడి ముందర రోడ్డుకి రెండు పక్కలా శెనక్కాయల కుప్పలు, మధ్యలో మనుషులు. వానకి వేసిన శెనక్కాయలు అప్పటికి పీకి ఆరబెట్టి ఉంటారు, రైతులు మూటలు కట్టుకుని రెండ్రోజుల ముందే వచ్చి ఫుట్‌పాత్ మీదే పడుకునేవాళ్ళు. పూర్వం ఆ పక్కన సుంకేనహళ్ళి, గుట్టహళ్ళి, మావళ్ళి రైతులు పండించిన శెనక్కాయల్ని ఒక బసవన్న వచ్చి తినిపోతుండేదంట, దాన్ని శాంతపరచడానికి తొలి పంట ఇస్తామని మొక్కుకున్నారని కథ. నాయన ఈ కథ ప్రతి ఏడూ గుడి మెట్ల దగ్గరే నిలబడి చెప్పేవాడు.

కొలత సేరుతో. తలకొట్టకుండా కుప్పగా పోసి ఇచ్చేవాళ్ళు, పైన ఇంకో గుప్పెడు కొసరు. రెండు గింజల కాయ, మూడు గింజల కాయ, పచ్చివి, వేయించినవి అన్నీ ఉంటాయి. నాయన పచ్చివే కొనేవాడు. ఇంటికొచ్చి ఉప్పేసి ఉడకబెట్టి పెద్ద గిన్నె మధ్యలో పెట్టుకుని కూర్చుంటే ఆ రాత్రి అన్నం వండే పనే లేదు. పరిషె ఇప్పటికీ జరుగుతుంది, ఇంకా పెద్దగా జరుగుతుంది, జనం లక్షల్లో వస్తారు. పోయిన ఏడాది నేను కూడా పోయినా, సేరు డబ్బా ఇంకా ఉంది, అది చూసి నిజంగా సంతోషం అయింది.

---

ఎండాకాలం సెలవులంటే శ్రీనివాసపురం. ఆ పక్కంతా మామిడి తోపులే, రోడ్డుకి రెండు పక్కలా. తాతకి కూడా ఒక తోపు ఉండేది. జనవరి ఫిబ్రవరిలో పూత కాలంలో మబ్బు పట్టిందంటే తాత మొహం చూడలేం, మబ్బుకి తేనెమంచు పురుగు వస్తుంది, పూతంతా జిగట పట్టి నల్లగా మాడిపోతుంది. ఒక ఏడు విరగ్గాస్తే మరుసటి ఏడు చెట్టు ఊరికే ఉంటుంది, దాని గురించి ఆయన ఏమీ అనుకునేవాడు కాదు, "చెట్టు కూడా సుధారించుకోవాల కదా" అనేవాడు.

ఉగాది దాటినాక ఈదురుగాలితో ఒక వాన వస్తుంది. రాత్రంతా తోపులో దబదబా కాయలు రాలే చప్పుడు. పొద్దున్నే పిల్లలందర్నీ బుట్టలిచ్చి తరిమేది అవ్వ. రాలిన పచ్చికాయలు ఒక్కటి కూడా పారేయకుండా ముక్కలు కోసి ఉప్పు పట్టించి చాపల మీద ఎండబెట్టేది. ఆ ఒరుగులు మళ్ళీ సంవత్సరం దాకా పప్పులోకి.

పండ్లు అన్నీ ఒకేసారి వచ్చేవి కాదు. ముందు బాదామి, రసపూరి, వాటితోపాటే బేనీషా. మల్గోవా కొన్ని చెట్లే, అవి ఇంటికే. తోతాపురి ఎక్కువగా జూస్ ఫ్యాక్టరీలకి లారీల్లో పోయేది. ఆఖర్న నీలం. చీకటి గదిలో వరిగడ్డి పరిచి, కాయలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, పైన ఇంకో గడ్డి పొర. మాగేసిన గది తలుపు తీస్తే ఆ వేడి, ఆ తీపి వాసన మొహానికి కొట్టేది. రోజూ పొద్దున అవ్వ ఒక్కతే లోపలికి పోయి చేత్తో తడిమి మాగినవి ఏరుకుని వచ్చేది, మమ్మల్ని రానిచ్చేది కాదు, ఒత్తి ఒత్తి పాడుచేస్తామని. నీలం టెంక కోస్తే లోపల నల్ల పురుగు కనిపించేసరికి బళ్ళు తెరిచే రోజులు. పురుగు కనిపించిందా, ఇంక పండు తినడం ఆపేయడమే, పెద్దోళ్ళు ఎవరూ చెప్పకుండానే ఆపేసేవాళ్ళం.

తిరిగి బెంగళూరు వచ్చేసరికి నేరేడు పండ్లు, పనస తొనలు బండ్ల మీద ఉండేవి. నాలుకలు ఊదా రంగు చేసుకుని బడికి పోయేవాళ్ళం.

ద్రాక్ష మాత్రం నాయన తెచ్చేవాడు, జీతం వచ్చిన రోజు, హాప్‌కామ్స్ అనే రైతుల సహకార సంఘం అంగడి నుంచి. నల్లగా గుండ్రంగా, తోలు మందంగా, గింజలతో ఉండే బెంగళూరు బ్లూ. ఈ కాలం పిల్లలు గింజలున్నాయని ముట్టరు గానీ ఆ వాసన ఇంకే ద్రాక్షకీ లేదు. హాప్‌కామ్స్ మొదలైందే 1959లో ద్రాక్ష రైతుల సొసైటీగా, లాల్‌బాగ్ తోటకి అధికారిగా ఉండిన మరిగౌడ గారు దాని వెనక ఉన్నారు, తర్వాతే కూరగాయలన్నీ వచ్చినాయి. అప్పుడు దేవనహళ్ళి, చిక్కబళ్ళాపుర పక్కకి పోతే పందిళ్ళు పందిళ్ళుగా ద్రాక్ష తోటలు. ఇప్పుడు ఎయిర్‌పోర్ట్ రోడ్డులో పోతా ఉంటే ఎక్కడెక్కడ పందిళ్ళుండేవో అని చూస్తా ఉంటా.

---

అనపకాయలు ఇప్పుడు ఎండాకాలంలో కూడా దొరుకుతాయి. జీకేవీకే వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు పొద్దుతో పనిలేకుండా పూసే రకాలు తెచ్చినారు, హెబ్బాళ అవరె అని, అవరె అంటే కన్నడంలో అనపే, మా మామ కూడా బోరు కింద అదే వేస్తున్నాడు. ఒకే నెలలో ఊరంతా కాయ తెస్తే ధర పడిపోయేది, ఇప్పుడు ఎవరూ తేని నెలలో తెచ్చి నాలుగు రూపాయలు చూస్తున్నాడు. అది మంచిదే, నేను కాదనను, అప్పట్లో సంచులు సంచులు తెచ్చి బస్సు చార్జీలు కూడా రాక మార్కెట్‌లో కూర్చున్న మామని చూసినా కదా. కానీ మే నెలలో కొన్న అనపకాయలకి ఆ వాసన రాదు. ఒలిచి, వండి, సంగటిలో పెట్టుకుని తిన్నాం, కూర బాగానే ఉంది, అమ్మ మాత్రం రెండోసారి వడ్డించుకోలేదు.

డిసెంబరు, జనవరిల్లో అవరేబేళె మేళా, అంటే పితికిపప్పు మేళా పెడతారు, ముందు వీవీ పురంలో సజ్జన్‌రావ్ సర్కిల్ దగ్గర జరిగేది, ఇప్పుడు నేషనల్ కాలేజ్ గ్రౌండ్‌లో. దోశలోనూ అనపగింజే, జిలేబీలోనూ అనపగింజే. పితికిన పప్పు కేజీల లెక్కన కవర్లో పోసి అమ్ముతారు. పని తప్పింది అని అమ్మ సంతోషంగానే కొంటుంది. అరుగు మీద కూర్చోవడానికి మనుషులేరీ ఇప్పుడు.

---

ఇన్ని చెప్పి పులుపు గురించి చెప్పకపోతే అవ్వ వంట గురించి ఏమీ చెప్పనట్టే. అవ్వ పప్పులో పులుపు నెలనెలకీ మారేది. ఉగాది నుంచి పచ్చిమామిడికాయ. చింతచెట్లు కొత్త చిగురు వేసినప్పుడు చింతచిగురు, పిల్లల్ని చెట్టెక్కించి దూయించి, చేత్తో నలిపి పుల్లలు ఏరేసి వేసేది. వానలు పడినాక గోంగూర, చుక్కకూర. కార్తీకంలో ఉసిరికాయ, ఆ వెనకే పచ్చి చింతకాయ, దాన్ని ఉప్పూ పసుపూ వేసి రోట్లో దంచి జాడీకి ఎత్తేది. శివరాత్రి దాటినాక కొత్త చింతపండు, ఇంటిల్లిపాదీ కూర్చుని గింజలు కొట్టి, ఉప్పు చల్లుకుంటా కుండల్లో తొక్కిపెట్టేవాళ్ళు. ఏ కాయా ఆకూ లేని రోజుల్లో ఆ మామిడి ఒరుగులు. టమాటా చేలో ఉంటే వేసేది, లేకపోతే లేదు, దాని కోసం ఎవరూ అంగడికి పోలేదు. వంకాయ, గోరుచిక్కుడు కూడా బాగా కాసినప్పుడు ఎండబెట్టి ఒరుగులు చేసి గుడ్డ మూట కట్టి దూలానికి వేలాడదీసేది. అవ్వ పోయినాక ఇల్లు సర్దుతుంటే ఆ మూటలు ఇంకా అట్లే ఉన్నాయి, అమ్మ ఒక మూట తెచ్చుకుని చాలా రోజులు వండింది.

2023 జులైలో టమాటా కేజీ వంద దాటింది కదా, గుర్తుండే ఉంటుంది. ముందు ఎండలు, కోలారు పక్క చేలల్లో ఆకుముడత తెగులు, ఆ తర్వాత వానలు, అన్నీ కలిసి వచ్చినాయి. దేశంలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి కోలారులో ఉంది, అక్కడే కాయ లేదు. టీవీలో అదే, ఆఫీసులో అదే, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అదే గోల, ఎక్కడ తక్కువకి దొరుకుతుంది అని. మా ఇంట్లో ఆ నెలంతా గోంగూర పప్పు, చుక్కకూర పప్పు, చింతపండు చారు. ఒకరోజు పక్క ఫ్లాట్ అమ్మాయి వచ్చి "ఆంటీ, టమాటా లేకుండా రసం ఎట్లా పెడుతున్నారు" అని అడిగితే అమ్మ ఆ పిల్లని వంటింట్లోకి తీసుకుపోయి స్టవ్ పక్కన నిలబెట్టి, నానేసిన చింతపండు చూపించి, మిరియాలు జీలకర్ర దంచుతా చెప్పింది. "మా అవ్వ బతికినన్నాళ్ళు చారులో టమాటా వేసింది నేను చూడలేదు తల్లీ. శ్రావణం దాటనీ, అదే దిగొస్తాది. అంతవరకూ ఇది తాగు."